ఎర్త్ లేని ఇల్లు

పదకొండో భాగం

"ఫీజు ఇయ్యి."

కృష్ణమూర్తి అడగడం ఇది నాలుగోసారి. మొదటిసారి మామూలుగా అడిగాడు, రెండోసారి గట్టిగా అడిగాడు, మూడోసారి కొడుకు చేత అడిగించాడు. ఇప్పుడు కోడలి ముఖం చూడకుండా చెయ్యి మాత్రం చాపాడు.

"ఇవ్వను మామయ్యా," అంది అలేఖ్య.

నిన్న పొద్దున మీటరు బోర్డు నుంచి పీకిన పింగాణీ ఫ్యూజు ఆమె చున్నీ కొసన ముడేసి ఉంది. అదొక్కటి లేకపోయేసరికి ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆగిపోయాయి. ఫ్రిజ్జు, పడగ్గదిలో ఏసీ వేరే లైను కాబట్టి నడుస్తున్నాయి. శ్రావణ మాసపు ముసురుకు మధ్యాహ్నం మూడింటికే హాలు మసకబారింది, పైగా ఉక్క. మిర్యాలగూడలో ఎవరి పంచాయితీనైనా కూర్చోబెట్టి తెంపగల కృష్ణమూర్తి, ఒక చేత్తో పేపరు మడిచి విసురుకుంటూ, సొంతింట్లో అరచేతిలో పట్టే వస్తువు కోసం రెండో చెయ్యి చాపి నిలబడ్డాడు. నవ్వొచ్చే సంగతే గానీ ఆ ఇంట్లో నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

"రేపు శుక్రారం," అంది కౌసల్య వంటింటి గడప మీద నుంచి. "వరలక్ష్మీ వ్రతం. ముప్పై మంది ముత్తయిదువలు వస్తరు. సూర్యాపేటకెల్లి మా ఆడబిడ్డ వస్తది. దేవుని అర్రల దీపం ఎలగకపోతే వాళ్లకేం జెప్పాలె నేను?"

"నిజం చెప్పండి అత్తయ్యా. ఆ దీపం షాక్ కొడుతుంది, నిన్న గోపమ్మను కొట్టింది, అందుకని ఆపామని చెప్పండి."

మహేష్ సోఫాలోంచి తల ఎత్తలేదు. "షాక్ గాదు. కండ్లు తిరిగి పడ్డది. ఆమెకు షుగర్ ఉన్నది."

"మీరు చూశారా?"

"సూడాల్నా? షుగర్ ఉన్నోళ్లు పడరా?"

"నేను చూశాను."

కృష్ణమూర్తి పేపరు ఇంకా జోరుగా విసురుకున్నాడు.

ఆ ఇంటి పూజగదికి ఒక పద్ధతి ఉంది. ఏ పంతులూ చెప్పని పద్ధతి. మూడేళ్ల కిందట మహేష్ తన పెళ్లికి సూర్యాపేట నుంచి ఐదు బల్బుల ఇత్తడి దీపం తెచ్చి, చేతికందేంత ఎత్తులో దేవుడి పటాల ముందు వేలాడదీయించాడు. మర్నాడు కౌసల్య దానికి పూలదండ వేయబోతే చెయ్యి జుమ్మంది. ఆమె ఎవరితోనూ గొడవపడలేదు. ఒక చెక్క పీట తెచ్చి దీపం కింద వేసుకుని, దాని మీద నిలబడి దండ వేసింది. ఈసారి జుమ్మనలేదు. అంతటితో సమస్య తీరిపోయిందని ఇల్లంతా అనుకుంది. 'పీటెక్కి ముట్టుకోండ్రి' అనేది ఇంట్లో ఆచారమైపోయింది. కృష్ణమూర్తి పీటెక్కే హారతి ఇస్తాడు. మహేష్ పీటెక్కే బల్బు మారుస్తాడు. కాపురానికొచ్చిన వారం నుంచీ అలేఖ్య కూడా పీటెక్కింది.

గోపమ్మకు మాత్రం ఎవరూ చెప్పలేదు. రోజూ వేములపల్లి నుంచి ఆటోలో వచ్చి, పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంట్లో అంట్లు తోమి నేల తుడుస్తున్న మనిషి ఆమె. ఆమె దృష్టిలో అది కౌసల్య కూర్చుని పూజ చేసుకునే పీట, పనిమనిషి కాలు పెట్టకూడని పీట. నిన్న వ్రతానికి ఇల్లు కడుగుతూ దాన్ని రెండు చేతులా ఎత్తి గోడవారగా పెట్టింది. ఆ చేతులు కళ్లకద్దుకుంది. తర్వాత తడి నేల మీద నిలబడి, వెలుగుతున్న దీపాన్ని తడి గుడ్డతో తుడవబోయింది.

ఒక్క క్షణం మనిషి కొయ్యబారిపోయింది. ఆ తర్వాత వెనక్కి విరుచుకుపడింది. ఆమె కోసం టీ గ్లాసు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డ అలేఖ్య అంతా చూసింది. అప్పుడు పరుగెత్తి ఫ్యూజు పీకింది.

మహేష్ గోపమ్మను కారులో దవాఖానకు తీసుకెళ్లాడు. ఎలా పడిందని అక్కడ అడిగితే కళ్లు తిరిగి పడిందని రాయించాడు. ఇప్పుడు ఇంట్లో అందరూ ఆ మాటే పట్టుకుని కూర్చున్నారు.

"నీకేం తెలుసు కరెంటు గురించి?" అన్నాడు కృష్ణమూర్తి. "కోదాడల మోటర్లు సుట్టేటోని బిడ్డవు నువ్వు. ఇంజనీరువా?"

కోదాడ బస్టాండు వెనక ఆమె తండ్రికి మోటారు వైండింగు షాపు ఉంది. ఆ మాట ఈ ఇంట్లో ఎప్పుడూ ఇలాగే, మూతి కాస్త పక్కకు తిప్పి అంటారు. అలేఖ్య మూడేళ్లుగా విననట్టు ఊరుకుంది. ఇవాళ ఊరుకోదలుచుకోలేదు.

"మోటార్లు చుట్టేవాడి కూతుర్నే మామయ్యా. అందుకే తెలుసు. లోపల వైరు చెడి ఇత్తడిలోకి కరెంటు వస్తే, దాన్ని భూమిలోకి తీసుకుపోవడానికి ఇంకో వైరు ఉండాలి. దాన్నే ఎర్త్ అంటారు. మన లైట్ల లైనుకు అది లేదు. అది లేకపోతే ఆ కరెంటు ఇత్తడిలోనే కూర్చుని, ఎవరో ఒక మనిషి ముట్టుకునే దాకా కాచుకుని ఉంటుంది."

"ఈ ఇల్లు మా నాయిన కట్టిచ్చిండు. ఈ వాడకట్టుల అర్ర అర్రకూ లైటు పడ్డ మొదటి ఇల్లు ఇది. నలభై ఏండ్ల సంది ఒక్కలకు షాక్ కొట్టలే. గప్పుడు లేని ఎర్త్ గిప్పుడెందుకు?"

"అప్పుడు తాతగారు బిగించిన హోల్డర్లన్నీ బేకలైటువి, కరెంటు పారని గట్టి ప్లాస్టిక్. చేతికి తగిలేచోట ఇనుము లేదు, ఇత్తడి లేదు. ఎర్త్ లేకపోయినా నడిచింది. ఇల్లు అదే, వైర్లు అవే. వాటికి మనం తగిలించింది మారింది."

"అంటే మేమంత పిచ్చోళ్లమా?"

"పిచ్చివాళ్లమైతే బాగుండేది. తెలిసే పీట వేసుకున్నాం."

కౌసల్య చప్పున అందుకుంది. "గదే అంటున్న నేను గూడ. పీట మీద నిలబడితే ఏం గాదు గదనే. రేపు అందరికి జెప్పుదం."

"ముప్పై మందికీనా అత్తయ్యా? తలస్నానాలు చేసి తడి జుట్టుతో వస్తారు. కాళ్లు కడుక్కుని లోపలికొస్తారు. చంకలో పిల్లలుంటారు. ఏమని చెబుతారు? మా దేవుడి దీపం షాక్ కొడుతుంది, పీటెక్కి దండం పెట్టుకోండని చెబుతారా?"

కౌసల్య కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఇప్పటికైనా సులువే," అంది అలేఖ్య, గొంతు కాస్త తగ్గించి. "ఆ దీపం దించండి. ప్లాస్టిక్ హోల్డరులో ఒక బల్బు పెట్టిద్దాం, వ్రతం జరిగిపోతుంది. తర్వాత మెల్లగా కొత్త వైరు లాగిద్దాం. దీపం దించితే ఫ్యూజు నేనే పెట్టేస్తాను."

"దించేది లేదు," అన్నాడు కృష్ణమూర్తి. "నిన్న పనామె పడ్డది, ఇయ్యాల దీపం దించిండ్రు అంటే ఊరు ఏమనుకుంటది? దీపంతోనే పడ్డదని మనమే ఒప్పుకున్నట్టు గాదా?"

అసలు సంగతి అదీ. నిన్నటి నుంచీ మర్యాద, వ్రతం, ఆడబిడ్డ అని చుట్టూ తిరిగిన మాట ఇప్పుడు తిన్నగా బయటపడింది. చెప్పేసినందుకు కృష్ణమూర్తే కాస్త ఇబ్బందిపడి కిటికీ వైపు తిరిగాడు.

"యాదగిరికి ఫోన్ చేసిన," అన్నాడు మహేష్. "కొత్త ఫీజు తెస్తుండు. నీ ముల్లె నువ్వే దాసుకో."

*

యాదగిరి కంటే ముందు వాకిట్లో ఒక స్కూటీ ఆగింది. వచ్చింది అశ్విని, గోపమ్మ కూతురు. బట్టల షాపులో పని చేస్తుంది. ఆ యూనిఫారం చీరతోనే వచ్చింది. చెప్పులు మెట్ల కింద విడిచి, వరండా దాటకుండా నిలబడింది.

"మీ అమ్మకెట్లున్నది బిడ్డా?" అంది కౌసల్య. ఆ గొంతులో బెంగ నిజమైనదే.

"తుంటి బొక్క ఇరిగింది. ఆపరేషన్ అన్నరు. గానీ డాక్టర్ ఆగిండు." అశ్విని మహేష్ వైపు తిరిగింది. "సార్, మా అమ్మ ఏలు కొసకు నల్లగ కాలిన మచ్చ ఉన్నది. గిదేంది అని డాక్టర్ అడిగిండు. షాకే అయితే ముందు గుండె సూడాలెనంట, ఒక రోజు మిషన్ పెట్టి సూసినంకనే ఆపరేషన్ అంట. కండ్లు తిరిగి పడ్డదైతే వేరే టెస్టులంట. కాయిదం మీద మీరు కండ్లు తిరిగి అని రాయించిండ్రు. అమ్మను అడిగితే, నాకేం యాదికి లేదు బిడ్డా, సార్ చెప్పిందే అయ్యుంటది అంటున్నది. అందుకని మీ నోటెంటనే ఇందామని వచ్చిన."

మహేష్ తండ్రి వైపు చూశాడు.

"కండ్లు తిరిగే పడ్డది," అన్నాడు కృష్ణమూర్తి.

"షాక్ కొట్టింది అశ్వినీ," అంది అలేఖ్య.

రెండు మాటలూ దాదాపు ఒకేసారి వచ్చాయి. అశ్విని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత వరండా దాటి లోపలికి నడిచి, అలేఖ్య పక్కన వచ్చి నిలబడి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, డాక్టర్ ఆరింటి దాక ఉంటడు. నువ్వొచ్చి చెప్తవా?"

"వస్తాను."

"నువ్వేడికి పోవు," అన్నాడు మహేష్ లేచి.

"వెళ్తానండీ. మీరు తప్పు రాయించారు, నేను సరి చేయిస్తాను. మీరే వచ్చి చెబితే ఇంకా మంచిది."

మహేష్ కూర్చోనూ లేదు, నిలబడనూ లేదు. సోఫా చెయ్యి పట్టుకుని ఉండిపోయాడు.

సరిగ్గా అప్పుడే యాదగిరి సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. పదిహేనేళ్లుగా ఆ ఇంటి కరెంటు పనంతా అతనిదే. హాల్లో నిలబడ్డవాళ్ల ముఖాలు చూసి, తప్పు వేళకు వచ్చానని గ్రహించి, వెళ్లిపోదామా అన్నట్టు వాకిలి వైపు చూశాడు.

"రా యాదగిరీ," అన్నాడు కృష్ణమూర్తి. "కరెక్ట్ టయిముకు వచ్చినవ్. దేవుని అర్రల దీపం బిగించింది నువ్వే గదా?"

"నేనే సార్."

"దాంట్ల షాకున్నదంటున్నది మా కోడలు. చెప్పు, ఈమెకు సమజయ్యేటట్టు."

యాదగిరి సంచీ కింద పెట్టాడు. మహేష్ వైపు చూశాడు. మహేష్ కళ్లు దించుకున్నాడు. ఆ ఒక్క చూపు చాలు అలేఖ్యకు.

"ఏంటది యాదగిరన్నా? ఆయన వైపు ఎందుకు చూస్తున్నావు?"

"ఏం లేదు మేడం."

"ఆ దీపానికి ఎన్ని వైర్లున్నాయి?"

"మూడు మేడం."

"మూడోది ఏ రంగు?"

యాదగిరి నుదురు తుడుచుకున్నాడు. "గ్రీన్ మేడం. ఎర్త్ వైరు. ఈ ఇంట్ల లైట్ల లైనుకు దాన్ని కలిపే జాగ లేదు. అందుకని కట్ చేసి టేప్ చుట్టిన." కాసేపు ఆగి, ఇక దాచడం తన వల్ల కాదన్నట్టు గబగబా చెప్పేశాడు. "గానీ ఊకె చుట్టలే సార్. గా రోజే మహేష్ సార్‌కు చెప్పిన. మెయిన్ బోర్డు కాడికెల్లి ఎర్త్ వైరు లాగాలె, లేకుంటే ఈ దీపం పెట్టద్దు సార్ అన్న. గోడలు కొట్టాలె గద, రంగులు పాడైతయని సారే వద్దన్నడు."

ఏ రంగులో అలేఖ్యకు వేరే చెప్పాల్సిన పని లేదు. వాళ్ల పెళ్లికి వేయించిన రంగులు. లేత గులాబీ. ఏ గోడ చూసినా ఇంకా మెరుస్తూనే ఉంది.

"మీకు ముందే తెలుసా?" అని భర్తను అడిగింది. గొంతు పెంచలేదు.

"పెండ్లి నాలుగు రోజులున్నది గప్పుడు," అన్నాడు మహేష్. "తర్వాత చేపిద్దమనుకున్న. తర్వాత యాది మరిసిన. గింత దూరం వస్తదనుకున్ననా?"

"నిన్న దవాఖానలో కళ్లు తిరిగి పడిందని రాయించేటప్పుడు కూడా యాది మరిచారా?"

మహేష్ తల దించుకున్నాడు. కృష్ణమూర్తికి మాత్రం కోపం వచ్చింది. కొడుకు దాచినందుకు కాదు, పనివాడి ముందు, పనిమనిషి కూతురి ముందు కొడుకు తల దించుకున్నందుకు.

"సాలు తియ్. యాదగిరీ, ఫీజు పెట్టు."

"సార్..."

"నా ఇల్లు. నా మీటరు. పెట్టు."

అలేఖ్య వెళ్లి మీటరు బోర్డుకు అడ్డంగా నిలబడింది. మహేష్ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని పక్కకు లాగాడు. అంతకు ముందు ఎన్నడూ అతను ఆమెను అలా పట్టుకోలేదు. ఆమె తూలి గోడకు ఆనుకుంది గానీ కేక వెయ్యలేదు, ఏడవలేదు.

"చెయ్యి వదలండి," అంది. "గోపమ్మ బతికింది కాబట్టి మనం ఇలా పోట్లాడుకుంటున్నాం. రేపు ఎవరైనా పోతే పోట్లాట కూడా ఉండదు."

మహేష్ వదిలేశాడు. ఈలోగా యాదగిరి ఎవరి ముఖమూ చూడకుండా కొత్త ఫ్యూజు నొక్కేశాడు. ఫ్యాన్లు తిరిగాయి, హాలు వెలిగింది. పూజగదిలో ఐదు బల్బులూ ఒక్కసారి వెలిగి దేవుడి పటాలు మెరిశాయి. కౌసల్య అలవాటు కొద్దీ దండం పెట్టుకుంది.

యాదగిరి పీటెక్కి, జేబులోంచి టెస్టర్ తీసి ఇత్తడికి ఆనించాడు. టెస్టర్ ఎర్రగా వెలిగింది. "సూడుండ్రి సార్. బాడీల పవరున్నది."

"టెస్టర్‌దేమున్నది? ముసురుకు తడి గోడ మీద పెట్టినా ఎలుగుతది," అన్నాడు కృష్ణమూర్తి. "నువ్వు దిగు. ఏది షాకో, ఏది కాదో నేను చూపెడ్త."

ఆయన పెరట్లోకి వెళ్లి కుళాయి కింద కాళ్లు కడుక్కున్నాడు. ఎంత కోపంలో ఉన్నా కాళ్లు కడుక్కోకుండా ఆ గది గడప తొక్కే మనిషి కాదు. తడి పాదాలతో లోపలికొచ్చి, పీటను కాలితో గోడ దగ్గరికి నెట్టేశాడు. నేల మీద తడి అచ్చులు పడ్డాయి.

"మామయ్యా, వద్దు!" అలేఖ్య మీటరు బోర్డు వైపు పరుగెత్తింది. మహేష్ అడ్డొచ్చాడో, అడ్డు తొలగబోయి ఎదురయ్యాడో, ఇద్దరూ గుద్దుకున్నారు.

కృష్ణమూర్తి చెయ్యెత్తాడు.

"ముట్టకూ!"

కౌసల్య గొంతు అది. ఇల్లంతా అదిరిపోయింది. "ముట్టకయ్యా! కాళ్లు తడున్నయి నీయి! సచ్చిపోతవ్! ముట్టకు!"

నలభై రెండేళ్ల కాపురంలో ఆమె భర్తను నువ్వు అనడం అదే మొదటిసారి. పరుగున వెళ్లి ఆయన చొక్కా వీపు దగ్గర పిడికిట్లో పట్టి వెనక్కి గుంజింది. కృష్ణమూర్తి చెయ్యి ఇత్తడికి జానెడు దూరంలో ఆగిపోయింది. ఆయన ఆ చేతిని దించి, తనది కాదన్నట్టు చూసుకున్నాడు.

యాదగిరి మీటరు బోర్డు దగ్గరికి వెళ్లి తను పెట్టిన ఫ్యూజు తనే పీకి సంచీలో వేసుకున్నాడు. లైట్లు పోయాయి.

"నేను తీసేసిన సార్," అన్నాడు. "నా చేతితోని మళ్ల పెట్ట. మీ ఇంటి పని పోతే పోనియ్యుండ్రి."

అశ్విని పూజగది గుమ్మం దాకా వచ్చింది. చిన్నప్పుడు అమ్మతో వచ్చినప్పుడు కూడా ఆమె అంతవరకూ ఎన్నడూ రాలేదు. కౌసల్య ఇంకా భర్త చొక్కా వదల్లేదు. అశ్విని ఆ పిడికిలిని చూస్తూ అడిగింది.

"కౌసల్యమ్మా. నిన్న మా అమ్మ చెయ్యి పెట్టినప్పుడు గిట్లెందుకు ఒర్రలే?"

అరుపైతే కసిరేవాళ్లు. తిట్టైతే తిరిగి తిట్టేవాళ్లు. ఆ పిల్ల మెల్లగా అడిగింది కాబట్టి ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. కౌసల్య పిడికిలి సడలింది.

"నేను లేను బిడ్డా," అంది. "దేవుని తోడు. వంటింట్ల ఉన్న. ఉంటే ఒర్రకపోదునా?"

"మరి ఎవరున్నరు?"

అలేఖ్య నోరు మెదపకపోతే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయేది. ఆమె గోపమ్మ పడటం చూసిందనే గానీ, పీట జరిపినప్పటి నుంచీ చూసిందని అత్తకు తెలియదు, మామకు తెలియదు, భర్తకు తెలియదు. గోపమ్మకు ఎలాగూ గుర్తు లేదు.

"నేనున్నా," అంది అలేఖ్య.

అశ్విని వెనక్కి తిరిగింది.

"టీ ఇద్దామని గుమ్మంలోకి వచ్చా. మీ అమ్మ పీట జరపడం చూశా. జరపొద్దు గోపమ్మా అనాలి. నోటిదాకా వచ్చింది. మా ఇంట్లో దీపం షాక్ కొడుతుందని బయటివాళ్ల ముందు అనకూడదని మూడేళ్లుగా అలవాటైపోయింది నాకు. అనాలా వద్దా అని ఆలోచించా. ఆ కాస్తలోనే ఆమె చెయ్యి పెట్టేసింది."

"మా అమ్మ బయటామెనా అక్కా? పద్దెనిమిదేండ్ల సంది?"

మహేష్‌కు ఊపిరి వచ్చినట్టయింది. "ఇన్నరా? ఇన్నరా నాయినా? నిన్నటి సంది మమ్మల్ని దొంగలను చేసింది. ఈమెకు అన్నీ తెలుసు, అన్నీ సూసింది, నోరు మూసుకున్నది. ఇగ మాకు నీతులు చెప్తది!"

"మూసుకున్నాను," అంది అలేఖ్య. భర్త వైపు తిరిగి, ఒక్కో మాటా నిలబెట్టి అంది. "మీరు గోడల రంగు కోసం మూసుకున్నారు, అత్తయ్య పీట వేసి మూసుకున్నారు, మామయ్య ఇంటి పరువని మూసుకున్నారు, నేను కోడల్నని మూసుకున్నాను. మీకంటే నాదే పెద్ద తప్పు, నాకు ఎర్త్ అంటే ఏంటో తెలుసు. తెలిసి కూడా మూడేళ్లు పీటెక్కాను. ఆ మాట డాక్టరు దగ్గర చెబుతాను. వ్రతానికి వచ్చే ముప్పై మందికీ చెబుతాను. మీరు నన్ను ఈ ఇంట్లో ఉంచుకున్నా చెబుతాను, పొమ్మన్నా చెబుతాను."

చున్నీ ముడి విప్పి పాత ఫ్యూజు చేతిలోకి తీసుకుంది. అది ఎవరికీ ఇవ్వలేదు. తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్ లాగింది.

కృష్ణమూర్తి పూజగదిలోంచి బయటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన గొంతు ముందటంత గట్టిగా లేదు గానీ మాట మాత్రం మారలేదు.

"మహేష్, కరెంటు పని చేసే వంశీగానికి ఫోన్ కొట్టు. యాదగిరి కాకపోతే ఊర్ల ఇంకొకడు లేడా? పొద్దటి వరకు దీపం ఎలగాలె."

మహేష్ ఫోను తీశాడు. కౌసల్య వచ్చి కొడుకు ఎదురుగా నిలబడింది. ఫోను లాక్కోలేదు, వద్దనీ అనలేదు. ఊరికే నిలబడింది. మహేష్ వేలు తెర మీద ఆగింది.

అదేమవుతుందో చూడటానికి అలేఖ్య ఆగలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగింది. మణికట్టు మీద భర్త వేళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. వాటిని చున్నీతో కప్పుకోవాలని కూడా అనిపించలేదామెకు.

అశ్విని అప్పటికే స్కూటీ మీద కూర్చుని ఉంది. సీటు మీది చినుకులు తుడవలేదు. ఎక్కమనలేదు, వద్దనలేదు. గంట కిందట తన చెయ్యి పట్టుకున్న పిల్ల ఇప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీదే పెట్టుకుంది. అలేఖ్య అడగకుండానే వెనక ఎక్కి కూర్చుంది.

"దవాఖానకు పోయినంక గూడ గిదే మాట మీద ఉంటవా?" అంది అశ్విని వెనక్కి తిరక్కుండా.

"ఉంటాను."

"డాక్టర్ ముందట షాకే అంటవా?"

"అంటాను. కాగితం మీద సంతకం కూడా పెడతాను."

"మంచిది." అశ్విని తాళం తిప్పింది. బండి స్టార్ట్ చెయ్యకుండా ఒక్క క్షణం ఆగింది. "డాక్టర్‌కు చెప్పుడు అల్కనే, ఏం కష్టం గాదు. గుమ్మంల నిలబడి సూసిన అన్న ముచ్చట... అది మా అమ్మ ముందట చెప్తవా?"

పొద్దుటి నుంచి మామకు, అత్తకు, భర్తకు మాటకు మాట అప్పజెబుతూ వచ్చిన అలేఖ్యకు ఈ ఒక్కదానికి నోరు రాలేదు. అశ్విని జవాబు కోసం చూడలేదు. బండి కదిలింది.